ఆ ఉల్లిపాయ సూప్ సంగతి అమ్మకి చెప్పాలా?

ప్రశ్న: మేము నెదర్లాండ్స్‌లో, ఐండ్‌హోవెన్‌లో ఉంటాం. ఈ ఏడాది నాన్నగారి షష్టిపూర్తి తెనాలిలో చేశాం. ఆ తర్వాత అమ్మనీ నాన్ననీ ఇక్కడికి తీసుకొచ్చి నాలుగు రోజులు ప్యారిస్ తిప్పాం. ఆఖరి రాత్రి అసలైన ఫ్రెంచి భోజనం పెట్టిద్దామని వందేళ్ల పైబడిన ఒక బ్రాసరీలో, అంటే పాతకాలపు పెద్ద ఫ్రెంచి భోజనశాలలో, టేబుల్ బుక్ చేశాను. ఇత్తడి కడ్డీలు, పెద్ద పెద్ద అద్దాలు, బల్లల మీద తెల్ల గుడ్డలు, నల్ల కోటు వెయిటర్లు. ఫొటోలు బ్రహ్మాండంగా వచ్చాయి. భోజనమే రాలేదు. నాన్నకి చెప్పిన కోడి చల్లారిపోయి వచ్చింది, దాంతో వచ్చిన ఆలుగడ్డ వేపుడు ఇంకా చల్లగా ఉంది. మావారు సాసేజ్ అనుకుని 'ఆండుయెట్' అనేదేదో చెప్పారు. కత్తి పెట్టగానే లేచిన వాసనకి ప్లేటు పక్కకి జరిపేశారు. మంచినీళ్లు అడిగితే సీసాలు తెచ్చి ఒక్కోదానికి 8 యూరోలు వేశాడు, మూడు సీసాలు. తినడమయ్యాక ముప్పావు గంట కూర్చున్నా బిల్లు తేలేదు. మా రంగు చూసే అలా చేశాడని మావారి అనుమానం. చివరికి 168 యూరోల బిల్లు తెచ్చి, "సర్వీసు కలపలేదు" అంటూ కార్డు మిషన్ చేతిలో పెట్టాడు. మావారు కంగారులో 15 శాతం నొక్కేశారు. మొత్తం 193 యూరోల 20 సెంట్లు. ఆ రాత్రి హోటల్లో పక్క గదిలోంచి అమ్మానాన్నలు సూట్‌కేసులో మిగిలిన కారప్పూస తింటున్న చప్పుడు వినపడింది. ఏడుపొచ్చింది.

అసలు బాధ ఇంకొకటి. అమ్మ పుట్టిన దగ్గర్నుంచీ శాకాహారి. ఆవిడకి నేనే ఉల్లిపాయ సూప్ చెప్పాను. ఆ పూట ఆవిడ ఇష్టంగా తిన్నది అదొక్కటే, గిన్నె అడుగుదాకా తాగింది. తర్వాత వాళ్ల వెబ్‌సైట్‌లో మెనూ చూస్తే అది గొడ్డుమాంసం రసంతో చేసిందని రాసి ఉంది. ఇప్పుడు అమ్మ ఫోన్ చేసినప్పుడల్లా "ఆ సూప్ ఎలా చేస్తారో కనుక్కోవే, మీ అత్తకి చేసి పెడతా" అంటోంది. మేం మోసపోయామా? రివ్యూ రాయమంటారా? అమ్మకి చెప్పమంటారా, వద్దా?

— ఒక కూతురు

జవాబు: మీరు సూప్ సంగతి ఆఖర్న రాశారు గానీ, మీకు నిద్ర పట్టనివ్వనిది అదేనని తెలుస్తూనే ఉంది. డబ్బు లెక్క తేలిగ్గా తేలుతుంది కాబట్టి ముందు దాని సంగతి చూద్దాం.

ఆ పైన వేసిన 25 యూరోల 20 సెంట్లు మీరు ఇవ్వాల్సినవి కావు. ఫ్రాన్స్‌లో మెనూ కార్డు మీద ఉన్న ధరలోనే పన్నూ, సర్వీసూ కలిసి ఉండాలి. 1987 నుంచీ నిబంధన అదే. మెనూ మీదో, బిల్లు అడుగునో చిన్న అక్షరాల్లో 'సెర్విస్ కోంప్రి' అని కనిపిస్తుంది, సర్వీసు కలిపే ఉందని దానర్థం. అక్కడివాళ్లు తృప్తిగా తింటే రెండు మూడు నాణేలు బల్ల మీద పెట్టి లేస్తారు, లేకపోతే లేదు. "కలపలేదు" అన్న మాట పచ్చి అబద్ధం. అమెరికా వాళ్ల టిప్పుల అలవాటు చూసి, పర్యాటకులు తిరిగే పేటల్లో కొందరు వెయిటర్లు మరిగిన విద్య ఇది. ఈ ఒక్క విషయంలో మిమ్మల్ని మోసం చేశారనే అంటాను.

నీళ్ల సంగతి మోసం కిందికి రాదు, వాళ్ల నేర్పు కిందికి వస్తుంది. భోజనం చేసేవాళ్లకి కుళాయి నీళ్లు ఊరికే ఇవ్వాలి, 2022 నుంచి ఆ మాట కస్టమర్లకి కనపడేలా రాసి పెట్టాలి కూడా. కానీ వట్టి "వాటర్" అంటే సీసాయే వస్తుంది. "ఉన్ కరాఫ్ దో, సిల్ వు ప్లే" అనాలి. గాజు కూజాతో పట్టుకొస్తారు. బుట్టలో పెట్టే రొట్టె ముక్కలకీ డబ్బులుండవు, ఇంకాస్త కావాలంటే అడగొచ్చు.

రివ్యూ రాయండి. అయితే చల్లారిన కోడి, సర్వీసు పేరుతో చెప్పిన అబద్ధం, ఈ రెండూ తేదీతో సహా రాసి ఊరుకోండి. ఫ్రెంచి ప్రభుత్వానికి 'సిగ్నల్ కోన్సో' అని వినియోగదారుల ఫిర్యాదుల సైటు ఉంది. అబద్ధం సంగతి అక్కడా నాలుగు ముక్కలు రాయండి. డబ్బు తిరిగొస్తుందని ఆశ మాత్రం పెట్టుకోకండి, 15 నొక్కిన వేలు మీవారిదే కదా.

ఆండుయెట్ గురించి మాత్రం ఒక్క మాట కూడా రాయకండి. అది పంది పేగులూ పొట్టా కోసి, పేగులోనే కూరి చేసేది. ఆ వాసన దాని పుట్టుకలోనే ఉంది. పాడైపోతే రాదు, బాగుంటేనే వస్తుంది. దాన్ని ప్రాణంగా తినేవాళ్లు అక్కడ ఒక సంఘమే పెట్టుకున్నారు. మంచి ఆండుయెట్‌కి ఆ సంఘం ఇచ్చే ముద్ర అయిదు 'ఏ' అక్షరాలు, మెనూలో పేరు పక్కన కనిపిస్తుంది. మీవారు బోటి కూర తినే మనిషేనా? మనం బోటిని పసుపేసి రుద్ది రుద్ది కడిగి, అల్లం వెల్లుల్లి మసాలాతో దాని నోరు మూయిస్తాం. వాళ్లు మూయించరు, అంతే తేడా. నా మొదటి ఆండుయెట్ నేనూ సగంలోనే వదిలేశాను. రెండోది ఇంతవరకూ చెప్పలేదు.

బిల్లు తేకపోవడం గురించి. ఫ్రాన్స్‌లో అడగకుండా బిల్లు తెచ్చి పెడితే 'ఇక లేవండి' అన్నట్టు, అది అమర్యాద. రాత్రి భోజనానికి కూర్చున్న టేబుల్ చాలా చోట్ల ఆ పూటంతా మీదే. "లాదిసియోఁ, సిల్ వు ప్లే" అని అడగాలి. మన దగ్గర చెయ్యి కడుక్కుని వచ్చేలోపు సోంపు గిన్నెలో బిల్లు పెట్టేస్తారు కాబట్టి ఆ నలభై అయిదు నిమిషాలూ మీకు అవమానంగా అనిపించాయి. అయితే మీవారి అనుమానాన్ని నేను కొట్టిపారెయ్యను. ఆ హాల్లో నేను లేను. మీ తర్వాత వచ్చినవాళ్లకి ముందు పలికాడా, మంచి బల్లలు ఖాళీగా ఉండగా మిమ్మల్ని మరుగుదొడ్డి తలుపు పక్కన కూర్చోబెట్టాడా, అలాంటివి ఉంటే ఆయన అన్నది నిజమే కావచ్చు. బిల్లు ఆలస్యం ఒక్కటే పట్టుకుని మాత్రం అనలేం.

ఇంకొకటి అడగనా? లోపలికి వెళ్లగానే "బోఁ సువార్" అన్నారా? నాకు మొదట్లో నాలుగు ఫ్రెంచి ముక్కలు నేర్పినది యానాం మాస్టారొకరు. 1954 దాకా యానాం ఫ్రెంచి వాళ్ల చేతుల్లోనే ఉండేది కదా, ఆయన చదువంతా ఆ బడిలోనే. వ్యాకరణం తర్వాత చూసుకోవచ్చు, ముందు నమస్కారం పెట్టకుండా ఏ ఫ్రెంచి దుకాణంలోనూ నోరు విప్పొద్దు అనేవారు. లియోన్‌లో పదకొండేళ్లున్నాను, ఆ మాట ఒక్క రోజు కూడా తప్పు కాలేదు. (ఆ ముక్కుతో పలికే శబ్దాలు రాయడానికి మన అరసున్న ఇన్నాళ్లకి పనికొచ్చింది చూడండి.)

ఇక కోడి. ఇక్కడ మిమ్మల్ని కాస్త మందలించక తప్పదు. చల్లారిన పదార్థం పెట్టడం వాళ్ల తప్పే. కానీ సగం తిన్నాక వెయిటర్ వచ్చి అంతా బాగుందా అని అడిగే ఉంటాడు, ఎక్కడైనా అడుగుతారు. అప్పుడు మీరంతా ఏమన్నారు? "వెరీ గుడ్, వెరీ గుడ్" అని తలలూపి ఉంటారని పందెం కాస్తాను. పరాయి ఊళ్లో గొడవెందుకని నాన్నగారు కళ్లతో సైగ చేసి ఉంటారు. మన మొహమాటానికి వీసా అక్కర్లేదు, మనతోపాటే విమానం ఎక్కి వచ్చేస్తుంది. "సె ఫ్రువా", అంటే చల్లగా ఉంది అని ఆ నిమిషాన ప్లేటు చూపిస్తే చాలు, మారు మాట్లాడకుండా తీసుకెళ్లి వేడి చేసో మార్చో తెస్తారు. అక్కడ దాన్నెవరూ గొడవ అనుకోరు. తిన్నదంతా తిని బయటికొచ్చాక తిట్టుకుంటేనే వింతగా చూస్తారు.

అసలు బ్రాసరీ అంటే ఏమిటో తెలిస్తే మీకు సగం నిరాశ తగ్గేది. ఆ మాటకి అర్థం బీరు కాచే చోటు. 1870-71 యుద్ధంలో ఫ్రాన్స్ ఓడి, జర్మనీ సరిహద్దులో ఉన్న అల్సాస్‌ని పోగొట్టుకుంది. అక్కణ్ణుంచి చాలామంది ప్యారిస్ చేరారు. వాళ్ల బీరు, పులిసిన క్యాబేజీ మీద పంది మాంసం పేర్చిన వాళ్ల 'షుక్రూత్' కూడా వాళ్లతోనే వచ్చాయి. అంతకు ముందే, 1864లో ప్యారిస్‌లోని బస్తీయ్ దగ్గర బోఫింజే అనే బ్రాసరీ మొదలైంది. అక్కడే సెయింట్ జెర్మైన్‌లో ఉన్న లిప్ అనే బ్రాసరీని 1880లో పెట్టినవాడూ అల్సాస్ మనిషే. పొద్దున్నించి అర్ధరాత్రి దాకా తలుపు తెరిచి ఉంచి, వచ్చినవాడికి వచ్చినట్టు బీరు పోసి, కడుపు నిండా ఏదో ఒకటి పెట్టి పంపడం వీళ్ల పని. మన పాతకాలపు మిలటరీ హోటల్‌కి గాజు పైకప్పూ ఇత్తడి కడ్డీలూ తొడిగినట్టు ఊహించుకోండి. సున్నితమైన వంట అక్కడ ఎప్పుడూ ముఖ్యం కాదు. ఇప్పుడు వాటిలో చాలా వాటిని పెద్ద కంపెనీలు కొనేసి గొలుసు హోటళ్లలా నడుపుతున్నాయి. కొన్నిటి లోపలి అలంకరణకి చారిత్రక కట్టడం హోదా ఉంది, అద్దం తీసి పక్కకి జరపాలన్నా అనుమతి కావాలి. కోడి ఎలా వేయించాలో చూసే ప్రభుత్వ శాఖ ఏదీ లేదు. మీరు అద్దాలు చూసి వెళ్లారు, అద్దాలు బాగున్నాయి.

మళ్లీ వెళ్తే రెండు గుర్తులు చూసుకోండి. మెనూలో వంటకం పేరు పక్కన గిన్నె మీద ఇంటి కప్పు పెట్టినట్టు చిన్న బొమ్మ ఉంటే, దాన్ని పచ్చి సరుకుతో అక్కడే వండారని. 2014 నుంచి వచ్చిన గుర్తు ఇది. పచ్చి సరుకు గడ్డకట్టించినదైనా ఒప్పుకుంటారు, ఆ మేరకు దాని విలువ దానికుంది. రెండోది, తలుపు బయట పలక మీద సుద్దతో రాసిన ఆ రోజు వంటకం. రాత్రి తెల్ల గుడ్డలు పరిచిన బల్లల దగ్గర పెట్టే ఖర్చులో సగానికే మధ్యాహ్నం ఆ పలక మీదిది మంచిగా తినొచ్చు.

అమ్మగారి లాంటివాళ్లకైతే బ్రాసరీ మెనూ దాదాపు గోడే. సలాడ్ అంటే అందులో పంది కొవ్వు ముక్కలుంటాయి, శాకాహారి అంటే కొన్నిచోట్ల చేప పర్లేదుగా అంటారు. "సాఁ వియాఁద్, సాఁ పువాసోఁ, సాఁ బుయోఁ ద్ వియాఁద్" అని కాగితం మీద రాసుకెళ్లండి. మాంసం వద్దు, చేప వద్దు, మాంసం రసం వద్దు అని. ఆ మూడోదే ముఖ్యం. ప్యారిస్‌లో 'మారే' అనే పేటలో రోజియే వీధికి తీసుకెళ్లి ఫలాఫెల్, అంటే శనగలు రుబ్బి వేసే వడలు, పెట్టించినా ఆవిడ హాయిగా తినేవారు, మీకూ ఇంత ఖర్చయ్యేది కాదు.

సరే, సూప్.

చెప్పండి.

తేలిగ్గా అంటున్నాననుకోకండి. మా అత్తగారు లియోన్ వచ్చినప్పుడు నేను బేకరీ నుంచి ఓ పండ్ల కేకు తెచ్చాను. పైన ముత్యంలా మెరిసే జెల్లీ. ఆవిడ మూడు ముక్కలు తిన్నాక అట్టపెట్టె మీద చూస్తే జెలటిన్ అని ఉంది, ఎక్కువగా పంది చర్మంలోంచి తీసేదది. తిననే తిన్నారు, ఇప్పుడు చెప్పి బాధపెట్టడం ఎందుకని ఊరుకున్నాను. రెండేళ్ల తర్వాత మావాడు, అప్పటికి వాడికి తొమ్మిదేళ్లు, ఏదో మాటల్లో నానమ్మ ముందు నోరు జారాడు. ఆవిడ నన్ను ఒక్క మాట అనలేదు. ఆ తర్వాత నేనేం తెచ్చిపెట్టినా కళ్లజోడు తెప్పించుకుని, పొట్లం వెనక రాసి ఉన్నది చదివించుకునేవారు. ఫ్రెంచి ముక్క రాదావిడకి. చదవమని నాకు ఇచ్చేవారు కాదు, వాడికిచ్చేవారు.

మీ అమ్మగారి నియమం ఆవిడది. దానికి భంగం వచ్చిందో లేదో, వస్తే ఏం చేయాలో తేల్చుకోవాల్సింది ఆవిడే. మీరు దాచారంటే ఆవిడ తరఫున మీరు తేల్చేసినట్టు. పైగా ఇది దాగేది కూడా కాదు. ఆవిడ వంటకం అడుగుతున్నారు, యూట్యూబ్‌లో వెతికితే మొదటి వీడియోలోనే ఎముకల రసం కనపడుతుంది. అది మీ నోటి నుంచి వినడమా, ఫోన్ తెర మీద చూడడమా? ఎలాగూ నోరు విప్పుతున్నారు కాబట్టి ఇదీ కలిపి చెప్పేయండి: ఆ సూప్ మీద కరిగించే గ్రూయేర్ చీజ్ కూడా సంప్రదాయంగా దూడ పొట్టలోంచి తీసే రెనెట్‌తోనే గడ్డకట్టిస్తారు. నాలుగు రోజుల్లో ఆవిడ తిన్న చీజ్ శాండ్‌విచ్‌లు ఎన్నో మీకే తెలుసు. ఒకేసారి చెప్తే ఒకేసారి బాధ.

ఎలా చెప్పాలంటే, సుత్తి లేకుండా చెప్పండి. అత్తయ్య పక్కన కూర్చున్న వీడియో కాల్‌లో వద్దు. మధ్యాహ్నం భోజనాలయ్యాక నాన్నగారు ఇంట్లో ఉన్న వేళ చూసి, "అమ్మా, ఆ సూప్ గొడ్డుమాంసం రసంతో చేశారట. నేను అడక్కుండా చెప్పేశాను, తప్పు నాదే" అనండి చాలు. ఫ్రాన్స్ గురించి, వెయిటర్ గురించి అక్కడ ఎత్తకండి. తెలియక తింటే దోషం లేదన్న మాట కూడా మీరు అనకూడదు. అనాలంటే ఆవిడ అనుకోవాలి, లేదా వాళ్ల పురోహితుడు గారు అనాలి. తలంటు పోసుకుంటారేమో, గుడికి వెళ్తారేమో, రెండు రోజులు మీ ఫోన్ ఎత్తరేమో. లేకపోతే "చెప్పవేం, అందుకేనా అంత బాగుంది!" అని నవ్వేస్తారేమో. ఏదైనా కానివ్వండి, మధ్యలో దూరకండి.

నాన్నగారి కారప్పూస గురించి కూడా ఒక మాట అడగాలని ఉంది. గోడ అవతల మీరు విన్నది చప్పుడే కదా, మాటలు వినపడలేదు కదా? అరవయ్యేళ్లకి ప్యారిస్‌లో, అర్ధరాత్రి, మంచం మీద దుప్పటి పరుచుకుని పొట్లం విప్పుకున్న మొగుడూ పెళ్లాలు అంత దిగులుగా ఉన్నారని నాకనిపించడం లేదు. ఆ రాత్రి ఏం మాట్లాడుకున్నారో నాన్నని అడగండి. ఆ కోడి ఎంత ఘోరంగా ఉందో ఆయన్ని తనివితీరా చెప్పనివ్వండి. "ఏం పర్లేదమ్మా" అన్నా ఊరుకోకండి.

ఇక వంటకం. సూప్ నిజం చెప్పిన మర్నాడో వారానికో ఆవిడే అడిగితే పంపండి, మాంసం తగలని పద్ధతి ఇది. నలుగురికి కేజీ ఉల్లిపాయలు నిలువుగా సన్నగా తరగాలి. మందపాటి గిన్నెలో 50 గ్రాముల వెన్న కరిగించి ఉల్లిపాయలు వేసి, చిటికెడు ఉప్పు చల్లి, సన్న సెగ మీద ముప్పావు గంటకి తక్కువ కాకుండా మగ్గనివ్వాలి. మొదట నీళ్లు వదిలి మెత్తబడతాయి, తర్వాత బంగారు రంగుకి తిరుగుతాయి. అందరూ అక్కడే ఆపేస్తారు. ఇంకా వేయించాలి, కుంకుడుకాయ రంగు రావాలి. అడుగంటుతున్నప్పుడల్లా చెంచాడు నీళ్లు చల్లి గరిటెతో గోకాలి. ఎముకల రసం లేని లోటు తీర్చేది ఆ గోకుడే. తర్వాత చెంచాడు మైదా వేసి రెండు నిమిషాలు కలిపి, క్యారెట్లు, పుట్టగొడుగులు, మిరియాలు, ఒక బిర్యానీ ఆకు వేసి అరగంట మరిగించి వడకట్టిన నీళ్లు లీటరు పొయ్యాలి. పుట్టగొడుగులు ఆవిడ తినకపోతే మానెయ్యండి, రుచి కొంచెం తగ్గుతుంది. అక్కడివాళ్లు వైన్ పోస్తారు, మీరు చెంచాడు వెనిగర్ చాలనండి. ఇరవై నిమిషాలు ఉడికాక గిన్నెల్లోకి తీసి, కరకరలాడేలా కాల్చిన రొట్టె ముక్క మీద చీజ్ కరిగించి పైన తేలెయ్యాలి. ఓవెన్ లేకపోతే పెనం మీద మూత పెట్టినా కరుగుతుంది. చీజ్ పొట్లం మీద పచ్చ చుక్క ఉందో లేదో చూసి కొనమనండి, రెనెట్ సంగతి కూడా చాలా వాటి వెనక రాసి ఉంటుంది. ఉప్పు మాత్రం చీజ్ వేశాకే చూసుకోమనండి, ముందే వేస్తే ఉప్పుకషాయం అవుతుంది.